దీపాల చివర కొక్కెం

రాయి భార్యను చంపింది ఒక మసక ఫోటో. ఆ ఫోటో తీసింది ఆమె సొంత తమ్ముడు. ఇందులో వాదించడానికేమీ లేదు.

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని రాయి అంటారు. కెమెరా వెనక నిలబడితే కదలడని ఆ పేరు పెట్టారు. భార్య పోయాక మనుషుల మధ్య కూడా కదలడం మానేశాడు. పేరు ఇంకా గట్టిపడింది. లోకానికి అతను భవనాల ఫోటోగ్రాఫర్. బిల్డర్లకు, హోటళ్లకు, మ్యాగజైన్లకు తీస్తాడు. అసలు ఉద్యోగం వేరు. వెలుతురు పోయాక ఏ భవనంలో ఏ కిటికీ వెనక ఎవరు నక్కారో పట్టుకోవడం అతని పని.

ఆమె కూడా ఏజెంటే. ఆరేళ్ల కిందట ఒక అపార్ట్‌మెంట్‌లోకి ఒంటరిగా వెళ్లాల్సి వచ్చింది. ముందుగా ఎదురు వంతెన మీద నుంచి ఆ భవనాన్ని ఫోటో తీయాలి. ఏ కిటికీ దగ్గర కాపలా ఉందో అందులో తేలాలి. రాయి ఆ వారం వేరే దేశంలో ఉన్నాడు. కెమెరా, దాన్ని నిలబెట్టే మూడు కాళ్ల ట్రైపాడ్ బావమరిది చేతికిచ్చారు. ఫోటో మసకగా వచ్చింది. కర్టెన్ ఏదో మనిషి ఎవరో తెలియలేదు. పైవాళ్లు కర్టెన్ అని తేల్చారు. ఆమె వెళ్లింది. అది కర్టెన్ కాదు.

"నేను ట్రైపాడ్ ముట్టుకోలేదు బావా. అక్క మీద ఒట్టు," అన్నాడు బావమరిది మార్చురీ వరండాలో.

రాయి అతని వైపు చూడకుండా ఆమె చెప్పులు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. అప్పటినుంచి ఇద్దరి మధ్యా డ్యూటీ మాటలే. అవి కూడా ఎక్కువగా మూడో మనిషి ద్వారా.

ఆ ఫోటో ప్రింటు రాయి కెమెరా బ్యాగు అడుగు అరలో ఉంటుంది. షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచి తీసే ఫోటోలో కెమెరా ఏమాత్రం కదిలినా ప్రతి దీపమూ ఆ కదలికను గీసి చూపిస్తుంది. కెమెరా రాయిలా నిలబడితే దీపం చుక్కలా వస్తుంది. ఆ ప్రింటులో చుక్కలు లేవు. ప్రతి దీపానికీ చివర చిన్న కొక్కెం ఉంది. కుడికి సాగి, కిందికి వంగి, ఆగిన కొక్కెం. బావమరిది మోకాలు తగిలి ఉంటుందని విచారణలో రాశారు. రాయి చదివాడు. నమ్మాడు. నమ్మడం తేలికైన పని.

*

డిపార్ట్‌మెంట్ ఆఫీసుకు బయట పళ్ల డాక్టర్ బోర్డు ఉంటుంది. లోపలి కుర్చీ కూడా నిజమైనదే. చీఫ్ దానిలోనే కూర్చుంటాడు. మాట్లాడేటప్పుడు పంటి డ్రిల్లు శబ్దం రికార్డింగ్ పెడతాడు. గోడ అవతల చెవి పెట్టిన వాడికి ఎవరిదో బాధ తప్ప ఇంకేమీ వినపడదు.

"కూర్చో."

"నిలబడతాను సార్."

"నీ ఇష్టం. కెమిస్ట్ సంగతి విన్నావుగా?"

విన్నాడు. ఒక విదేశీ ముఠాకు విషం తయారుచేసిన మనిషి అతను. ఆ విషం ఎవరి మీద వాడారో పేపర్లో చూశాక నిద్రపట్టక వచ్చి లొంగిపోయాడు. ముఠాలోని పేర్లన్నీ అతని తలలో ఉన్నాయి. ఇంకా కాగితం మీద పెట్టలేదు. పాత కస్టమ్స్ భవనంలో దాచారు.

"అడ్రస్ పొక్కింది," అన్నాడు చీఫ్. "మనలోనే ఎవరో ఊదారు. ఎవరో తేల్చేలోపు కెమిస్ట్‌ని మార్చేయాలి. ఈ సాయంత్రమే. వెనక కాలువ. కాబట్టి ముందు మెట్లే దారి. మెట్లకు ఎదురుగా ఆరంతస్తుల ఆఫీసు భవనం, సగం గదులు ఖాళీ. అందులో షూటర్ ఉన్నాడని కచ్చితమైన సమాచారం. ఏ గదో తెలియదు."

"సోదా చేయండి."

"గదికో తలుపు కొడుతూ పోతే మొదటి తలుపుకే వాడు జారుకుంటాడు. రేపు ఇంకోచోట కాస్తాడు. ఏ కిటికీయో నువ్వు చెప్పు. ఆ భవనం బేస్‌మెంట్‌లో మనవాళ్లు నలుగురున్నారు. నేరుగా ఆ తలుపు దగ్గరికే పోతారు. కస్టమ్స్ భవనం పక్కన లాండ్రీ ఉంది. దాని డాబా మీద నుంచి ఆఫీసు భవనం మొత్తం కనిపిస్తుంది."

"కెమిస్ట్‌ని మెట్లు దింపేదెవరు?"

చీఫ్ డ్రిల్లు శబ్దం కాస్త పెంచాడు. "మీ బావమరిది."

రాయి తలుపు వైపు తిరిగాడు.

"తనే అడిగాడు. ఫోటో తీసేది నువ్వని తెలిశాక అడిగాడు."

"నా భార్య తమ్ముడు బతకాలని నేను కోరుకోను సార్. చావాలని కూడా కోరుకోను. కిటికీ చూపిస్తాను. అంతవరకే నా పని."

"సరే మహానుభావా." చీఫ్ సొరుగులోంచి నల్లటి ఫ్లాష్ ఒకటి తీశాడు. మామూలు ఫ్లాష్ కంటే రెట్టింపు ఉంది. "టెక్నికల్ వాళ్లు తయారుచేశారు. వీధి దాటి అవతలి గోడ దాకా కొడుతుంది."

"రాత్రి భవనాన్ని ఫ్లాష్‌తో తీసేవాడు పెళ్లి ఫోటోలకు కూడా పనికిరాడు."

"బ్యాగులో పడేసుకో నాయనా. కష్టపడి చేశారు, బాధపడతారు."

తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత వెల్వెట్ వచ్చింది. డిపార్ట్‌మెంట్‌లో ఆ పేరుతో పిలిపించుకోదగ్గది ఆమె ఒక్కతే. నాలుగు భాషలు, మూడు పాస్‌పోర్టులు. మొన మీద నిలబడ్డట్టుండే బూట్లు. ఈ పనిలో ఆమె మ్యాగజైన్ ఎడిటర్ వేషంలో ఉంటుంది, రాయి ఆమె తెచ్చుకున్న ఫోటోగ్రాఫర్. రేడియో ఆమె దగ్గరే. రేడియో పట్టుకున్న చెయ్యి కెమెరాకు పనికిరాదని రాయే ఎప్పుడో రూలు పెట్టాడు.

"కోడ్ చెప్పు," అన్నాడు చీఫ్.

"'ప్రూఫులో తప్పులున్నాయి' అంటే లోపలే ఉండాలి. 'ఎడిషన్ ప్రింటుకు వెళ్లింది' అంటే బయటికి రావచ్చు." ఆమె రాయి వైపు తిరిగి నవ్వింది. "ఫోటోగ్రాఫర్ గారూ, నన్నొకటి తీస్తారా, మంచిది?"

"నేను మనుషుల్ని తీయను. కదులుతారు."

*

లాండ్రీ వెనక తలుపు దగ్గర ఇస్త్రీ మనిషి అడిగాడు. "గోడకు సున్నం ఎప్పుడు వేయించారు?"

"వాన వెలిశాక," అన్నాడు రాయి.

అతను పక్కకు జరిగాడు. మెట్ల నిండా ఆవిరి. డాబా మీద హోటళ్ల దుప్పట్లు తాళ్ల మీద వరసగా వేలాడుతున్నాయి. గాలి లేదు. ఒక్క దుప్పటి కూడా కదలడం లేదు. తడిబట్ట వాసన, దాని మీద వెల్వెట్ సెంటు. పిట్టగోడ అవతల వీధి, వీధికి అవతల ఆఫీసు భవనం. పక్కనే కింద కస్టమ్స్ భవనం మెట్లు. ఆ మెట్ల పైన తలుపు మూసి ఉంది. దాని వెనక ఒక కెమిస్ట్, ఒక బావమరిది.

"ఇంకా చీకటి పడలేదుగా," అంది వెల్వెట్.

"చీకటి పడితే పనికిరాదు."

రాత్రి ఫోటో రాత్రి తీయకూడదు. ఆ ముక్క చాలామందికి తెలియదు. పొద్దు గుంకాక ఆకాశంలో నీలం మిగిలి ఉండే కాసేపే దానికి సమయం. అప్పుడు మూసిన ప్రతి కిటికీ అద్దంలోనూ ఆ నీలం పడుతుంది. బెత్తెడు తెరిచిన కిటికీలో మాత్రం పడదు. అక్కడ నల్లటి చీలిక ఉంటుంది. ఇంత దూరం నుంచి కంటికి ఆ చీలిక తెలియదు. కెమెరాకు తెలుస్తుంది, చిత్రం కత్తి అంచులా వస్తే. చెదిరిందా, నీలం నలుపులో కలిసిపోయి అన్ని కిటికీలూ ఒక్కలాగే కనిపిస్తాయి.

రాయి ట్రైపాడ్ కాళ్లు తీసి సిమెంటు మీద గట్టిగా ఆనించాడు. నడిమి కడ్డీ పైకి లేపలేదు. బరువు కోసం కెమెరా బ్యాగు దాని కింద కొక్కేనికి వేలాడదీశాడు. లెన్సులో కుదుపుల్ని సర్దే స్టెబిలైజర్ ఆపేశాడు. కదలని కెమెరాలో దాన్ని వదిలేస్తే లేని కదలిక కోసం వెతుక్కుని తనే కదిలిస్తుంది. ఆటో ఫోకస్ కూడా ఆపి, భవనం మీది బోర్డులో ఒక అక్షరాన్ని స్క్రీన్ మీద పెద్దది చేసి, దాని అంచు గీత తేలేదాకా రింగు తిప్పాడు. వెలుతురు వచ్చే రంధ్రం, అపర్చర్, మధ్యస్థంగా తెరిచాడు. రిమోట్ చేతిలోకి తీసుకుని వెనక్కి జరిగాడు.

వెల్వెట్ ట్రైపాడ్‌కు ఎడమ పక్కన నిలబడి బైనాక్యులర్స్‌తో చూస్తోంది.

క్లిక్.

షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ రాయి ఊపిరి కూడా సగమే పీల్చాడు. మూసుకుంది. స్క్రీన్ వెలిగింది.

భవనం చెదిరింది.

పెద్దది చేసి చూశాడు. వీధి దీపం, బోర్డు లైటు, మెట్ల మలుపులో బల్బు, ఏ దీపమూ చుక్కగా లేదు. ప్రతి దీపమూ కుడికి సాగి, కిందికి వంగి, ఆగింది.

కొక్కెం.

రాయి వంగి బ్యాగు అడుగు అర జిప్పు తీశాడు. ప్రింటు బయటికి తీయనక్కర్లేదు, ఆరేళ్లుగా చూస్తున్నదే. అయినా వేలితో సగం పైకి లాగి చూశాడు. అదే కొక్కెం. అదే వంపు.

మోకాలు తగిలితే దీపం వణుకుతుంది. రంపపు పళ్లలా గీస్తుంది. ఇది వణుకు కాదు. ఎవరో మెల్లగా నొక్కి, కాసేపు ఆపి, వదిలిన గుర్తు. పని నేర్చుకునే కుర్రాడికి కూడా చెప్పే పాఠం ఇది. ఆరేళ్లు ప్రింటు చూశాడు గానీ, ఈ తేడా చూడలేదు. అతను ఆ ప్రింటులో దీపాల్ని చూడలేదు. బావమరిది మొహాన్ని చూశాడు.

డాబా మీద ఉన్నది ఇద్దరు. ఒకడు రాయి.

ఆ వంతెన మీద ఆ రోజు బావమరిదికి తోడుగా బైనాక్యులర్స్ పట్టుకుని నిలబడింది ఎవరు? ఫోటో మసకగా వచ్చినప్పుడు, 'నేను కళ్లతో చూశాను, అది కర్టెనే' అని పైవాళ్లకు చెప్పింది ఎవరు? విచారణలో అదంతా ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. తప్పు ఎవరిదో ముందే తేలిపోయింది కాబట్టి.

అతను తల ఎత్తలేదు. ఆమె కుడి బూటు మొన ట్రైపాడ్ ఎడమ కాలికి అంగుళం దూరంలో ఉంది.

"ఏమైంది?" అంది వెల్వెట్.

"మసకగా వచ్చింది."

"అయ్యో. గాలా?"

"అయ్యుండొచ్చు," అన్నాడు రాయి. దుప్పట్లు గోడకు కొట్టిన మేకుల్లా నిశ్చలంగా ఉన్నాయి. "మళ్లీ తీస్తాను."

ఆకాశంలో నీలం పలచబడుతోంది. ఇంకొక్క ఫోటోకు సరిపోతుంది. రెండోదానికి చాలదు.

రాయి కెమెరా మెనూలోకి వెళ్లాడు. ఆమెకు తన వీపు తప్ప ఏమీ కనపడకుండా నిలబడ్డాడు. ఈ కెమెరాలో షట్టర్ వేరు, క్లిక్ శబ్దం వేరు. శబ్దం లేకుండా కూడా తీయవచ్చు. ఫోటో తీయకుండా శబ్దం చేయించడానికి మాత్రం అతని జేబులో పాత రిమోట్ ఒకటుంది. నొక్కితే టక్కుమంటుంది. దానికీ కెమెరాకూ సంబంధమే లేదు.

"రెడీ," అన్నాడు. జేబులో టక్కుమనిపించాడు.

కంటి చివర నుంచి చూశాడు. బూటు మొన మెల్లగా జరిగి ట్రైపాడ్ కాలిని తాకింది. నొక్కింది. ఆగింది. వదిలింది. ఆమె కళ్లు మాత్రం బైనాక్యులర్స్‌లోనే ఉన్నాయి. ఎంత అలవాటైన పనో.

రాయి ట్రైపాడ్ కుదుటపడేదాకా ఆగాడు. తర్వాత అసలు రిమోట్ నొక్కాడు. శబ్దం లేదు.

"మీకు చలిగా ఉందా?" అని అడిగాడు, ఆమె కదలకుండా ఉండటానికి.

వెల్వెట్ ఆశ్చర్యంగా చూసింది. "మీరు నన్ను అలా అడగడం ఇదే మొదటిసారి."

"భార్య ఉన్నప్పుడు అడిగేవాణ్ని. అలవాటు తప్పింది."

"మీ ఆవిడ మంచి మనిషి," అంది వెల్వెట్. "నాకు చాలా ఇష్టం."

రాయి రిమోట్ పగిలేంత గట్టిగా పట్టుకున్నాడు గానీ చెయ్యి కదలలేదు. షట్టర్ మూసుకుంది. స్క్రీన్ మీద వెలుతురు తగ్గించి పెద్దది చేశాడు.

భవనం కోసినట్టు వచ్చింది. దీపాలన్నీ చుక్కలు. ఇటుకలు ఎంచుకోవచ్చు. వరస వెంట వరస కిటికీల్లో నీలం. ఐదో అంతస్తులో ఎడమ నుంచి మూడో దాంట్లో నిలువుగా నల్లటి చీలిక. ఆ చీలిక లోపల, బాగా వెనక, ఆకుపచ్చ చుక్క. నైట్ స్కోప్ వెలుగు ఒక మనిషి చెంప మీద పడుతోంది. వాడు ఇంతసేపూ ఇసుమంత కదల్లేదు. కదిలి ఉంటే ఆ చుక్క చెదిరి మాయమైపోయేది. కదలకుండా కూర్చోవడం వాడి వృత్తి. దొరికిపోయింది అందుకే.

"వచ్చిందా?"

"మళ్లీ మసకే," అన్నాడు రాయి. ఆమె ఏం చేస్తుందో చూడాలి.

ఆమె అరక్షణం కూడా ఆగలేదు. రేడియో నోటి దగ్గర పెట్టుకుంది. "నేను కళ్లతో చూశాను. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. ఎడిషన్ ప్రింటుకు వెళ్లింది."

కింద, కస్టమ్స్ భవనం తలుపు గడియ తీసిన చప్పుడు.

"రేడియో ఇలా ఇవ్వు," అన్నాడు రాయి.

వెల్వెట్ తల పక్కకు వాల్చింది. "ఇందాకటిదాకా 'మీరు' అన్నారుగా."

"ఇవ్వు."

రేడియో ఉన్న చెయ్యి వెనక్కి పోయింది. రెండో చెయ్యి ముందుకొచ్చింది. అందులో సైలెన్సర్ బిగించిన చిన్న పిస్తోలుంది. "కదలకండి," అంది ముద్దుగా. "మీకది కష్టం కాదుగా. ఒక్క నిమిషం. మీ బావమరిది అంటే మీకెలాగూ గిట్టదు."

మెట్ల పైన తలుపు తెరుచుకుంది. ముందు బావమరిది వచ్చాడు. వెడల్పాటి భుజాలు, అక్కలాగే కాస్త ముందుకు వంగిన నడక. అతని వెనక టోపీ పెట్టుకున్న ముసలాయన. బావమరిది ఒకసారి లాండ్రీ డాబా వైపు తలెత్తి చూశాడు. ఫోటో తీసింది బావ కాబట్టి భయం లేదన్నట్టు చూశాడు. ముసలాయన చెయ్యి పట్టుకుని మొదటి మెట్టు దిగాడు.

రాయి జీవితంలో ఎన్నడూ చేయని పని చేశాడు. ట్రైపాడ్‌ను తన్నాడు.

ఆమె బూటు ఇంకా దాని కాలి పక్కనే ఉంది. కెమెరా, బ్యాగు, మూడు కాళ్లు కలిసి ఆమె పాదం మీద పడ్డాయి. పిస్తోలు దగ్గినట్టు పేలి ఒక దుప్పటికి చిల్లు పెట్టింది. వెల్వెట్ వెనక్కి తూలి తడి దుప్పట్లలో చుట్టుకుపోయింది, తాడు తెగింది. బ్యాగులోంచి సామాను దొర్లింది. లెన్సు మూత, గుడ్డ, ప్రింటు, నల్లటి ఫ్లాష్.

రాయి ఫ్లాష్ అందుకుని పిట్టగోడ మీద మోచేతులు ఆనించి ఐదో అంతస్తు మూడో కిటికీ మీదికి గురిపెట్టాడు. కళ్లు మూసుకుని నొక్కాడు.

వీధి అంతా ఒక్కసారి ఎముకలా తెల్లబడింది. మసక వెలుతురును వేల రెట్లు పెంచి చూపించే స్కోపులో కన్ను పెట్టుకున్న వాడికి అది నెత్తిన పడ్డ సూర్యుడే. తుపాకీ పేలింది. గుండు బావమరిది చెవి పక్క నుంచి పోయి రాతి స్తంభంలో దిగింది. మరుక్షణం అతను ముసలాయన్ని మెట్లు దింపి, కింద ఆగి ఉన్న కారులోకి తోసి మీద పడ్డాడు. కారు తలుపు మూసుకోకముందే కదిలింది.

రాయి రేడియో వెతికి తీశాడు. "ఐదో అంతస్తు. ఎడమ నుంచి మూడోది. వాడికి కళ్లు కనపడవు, తలుపు మెల్లగా తీయండి."

*

వెల్వెట్ దుప్పట్ల మధ్య కూర్చుని మడమ పట్టుకుంది. పిస్తోలు రాయి కాలి కింద ఉంది. అతను కెమెరా పట్టీ విప్పి ఆమె చేతులు కట్టాడు.

"ఎక్కడ దొరికాను?" అంది.

"దీపాల దగ్గర."

ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత నేల మీద పడ్డ పాత ప్రింటు కనపడింది. నవ్వింది. "ఓహో. ఆరేళ్లూ ఆ పిల్లాణ్ని కాల్చుకు తిన్నావన్న మాట. నాకెంత హాయిగా ఉండేదో తెలుసా? నువ్వు వాణ్ని చూసినంతకాలం నన్నెవరూ చూడలేదు."

రాయి ముడి ఇంకొంచెం బిగించాడు.

చీఫ్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. షూటర్ దొరికాడన్నాడు. కెమిస్ట్ క్షేమంగా చేరి టీ అడిగాడన్నాడు. పాత ప్రింటునూ, ఇవాళ చెదిరిన ఫోటోనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"పాత కేసు మళ్లీ తెరవాలి. మీ బావమరిది ఫైల్లో మచ్చ తీసేయాలి. నీ స్టేట్‌మెంట్ కావాలి."

"ఫోటోలున్నాయిగా. అవి చెప్తాయి."

"నువ్వు చెప్పేదేం లేదా?"

"భవనం బాగా వచ్చింది."

వెల్వెట్‌ను కిందికి తీసుకెళ్లారు. కెమిస్ట్‌ని చేర్చి తిరిగొచ్చిన బావమరిది వాళ్లకు దారిచ్చి పైకి వచ్చాడు. రాతి పెచ్చు తగిలి నుదుటి మీద నెత్తురు చారిక. చీఫ్ చేతిలోని ప్రింటు చూశాడు. కొత్త ఫోటో చూశాడు. కొక్కేల మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డాడు. చీఫ్ మర్యాద తెలిసినవాడు, దుప్పటికి పడిన చిల్లు పరీక్షించడానికి దూరంగా వెళ్లాడు.

"బావా," అన్నాడు బావమరిది.

రాయి ట్రైపాడ్ మడుస్తున్నాడు. ఒక కాలు వంగింది, లోపలికి పోవడం లేదు. రెండుసార్లు నెట్టాడు. పోలేదు. అక్క పోయిన రోజు నుంచి బావమరిదిని ఆ ట్రైపాడ్ దరిదాపులకు రానివ్వలేదు. కారు డిక్కీలో అతని సామాను పక్కన పెట్టాల్సి వస్తే తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇప్పుడు దాన్ని ఎత్తి అతని చేతుల్లో పెట్టాడు.

"పట్టుకో."

ఇద్దరూ మెట్లు దిగారు. ఆవిరిలో మొహాలు కనపడలేదు. ట్రైపాడ్ వంకర కాలు గోడకు గీసుకుంది.

"చూసి మొయ్యి," అన్నాడు రాయి.

"అక్క ఉంటే—" బావమరిది ట్రైపాడ్‌ను రెండో భుజానికి మార్చుకున్నాడు. "ఇప్పుడైనా ఒక్క మాట అను బావా. ముట్టుకోలేదని ఆ రోజు చెప్పాను కదా. 'నమ్మాను' అను. చాలు."

రాయి మెట్టు మీద ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"మోయడానికిచ్చాను. మోస్తున్నావు. అంతకుమించి నా దగ్గర లేదు. ఆ సంగతి నేనింక నోరెత్తను. నువ్వు అడగొద్దు. చీఫ్ అడిగినా, రేపు కోర్టువాళ్లు అడిగినా నా జవాబు ఇదే."

అన్నట్టే ఆ తర్వాత ఆ సంగతి అతని నోట ఎవరూ వినలేదు. భవనానికి ఫ్లాష్ కొట్టిన సంగతైతే అసలే వినలేదు.